రెండు యంత్రాలు, ఒక బీరువా, నేను వద్దన్న తీగ

వద్దన్నది నేనే

ముందుగా నా తెలివితక్కువతనం సంగతి చెప్పేస్తాను. ఆ తర్వాత రాసేదానికి అడ్డం ఉండదు. ఆ రెండో తీగ అక్కర్లేదన్నది నేనే. నా చేత ఎవరూ అనిపించలేదు. నిండు సమావేశంలో, ఒక చేతిలో చాయ్, ఇంకో చేతిలో బిస్కెట్టు పట్టుకుని, కంపెనీ నుంచి వచ్చిన ఇంజనీరు ముఖం మీదే అన్నాను. ఆ ఊపులో బిస్కెట్టు చాయ్‌లో పడిపోయింది. అప్పుడైనా శకునం గ్రహించాల్సింది.

ఎనభైల చివరి సంవత్సరాల మాట ఇది. వరంగల్‌లో మా ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ సెంటర్‌కు కొత్తగా రెండు యంత్రాలు వచ్చాయి. వాటిని మినీలు అనేవాళ్లు గాని, ఒక్కొక్కటి పెళ్లి బీరువా అంత ఉండేది. రెండింటికీ నడుమ ఇంకో బీరువా, అందులో డిస్కులు. కాలేజీలో ఎవరు ఏం రాసినా, ఏ లెక్క కట్టినా దాచేది అక్కడే. ఏ విభాగంలోనైనా టెర్మినల్ ముందు కూర్చుని ఫైలు అడిగితే, ఆ అడిగిన మాట పసుపుపచ్చ తొడుగున్న లావుపాటి కేబుల్ మీద మా గదికి వస్తుంది. రెండు యంత్రాల్లో ఏది ఖాళీగా ఉంటే అది బీరువా తెరిచి ఫైలు తీసి ఇస్తుంది. ఒకటి పడిపోతే రెండోది నడిపిస్తుంది. మీరిప్పుడు క్లస్టరని ముద్దుగా పిలుచుకునేదానికి మేం పెట్టుకున్న పేరు "రెండు యంత్రాలు, ఒక బీరువా."

కంపెనీ ఇంజనీరు చెప్పిందేమంటే, జనం వాడుకోవడానికి ఒక కేబుల్ వేయండి, ఆ రెండు యంత్రాలు తమలో తాము మాట్లాడుకోవడానికి ఇంకొకటి విడిగా వేయండి అని. ఒకటి "ఉన్నావా?" అంటుంది, రెండోది "ఉన్నా" అంటుంది. క్షణం క్షణం ఇదే మాట. దాన్ని ఆయన గుండెచప్పుడు అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. "ఉన్నావా, ఉన్నా అనుకోవడానికి ఇంత పెద్ద తీగనా సార్? వేసిన తీగ మీదే అనుకుంటే ఎవరు కాదంటరు? చీర కొన్నోళ్లకు జాకెట్టు ముక్క అంటగట్టినట్టుంది" అన్నాను. మా నర్సంపేటలో బట్టల దుకాణాల బేరాలు చూసి పెరిగినవాణ్ణి. గదంతా నవ్వింది. మా సెంటర్ అధిపతి నరహరి సార్ నా వీపు తట్టి, "మన రాజలింగం అంటే ఏమనుకున్నరు? లింకుల మనిషి" అన్నారు. సెంటర్‌లో తీగలు కలిపే పని నాది గనక ఆ రోజు నుంచి నేను లింకు లింగం. ఆ బిరుదు నాకు రిటైరయ్యేదాకా ఉంది. దాని వెనక ఉన్న సలహా మాత్రం ఒక్క దసరాకే పోయింది.

రెండో తీగ చుట్ట అప్పటికే యంత్రాలతో పాటు వచ్చేసింది. నేను వద్దన్నాక మూలన పడి ఉంది. "ఊకె పడుండుడెందుకు" అని నరహరి సార్ దాన్ని తమ క్వార్టర్‌కు పట్టించుకుపోయి, మేడ మీద టీవీ యాంటెనాకు తగిలించుకున్నారు. వాళ్లింట్లో బొమ్మ అద్దంలా కనిపిస్తోందని వాడకట్టంతా చెప్పుకున్నారు. చుట్టుపక్కల యాంటెనాలకు తీగలుండేవి, వాళ్ల యాంటెనాకు మాత్రం నాగుపామంత కేబుల్ ఉండేది.

అట్టల కాలం నుంచి

నేనీ ఉద్యోగంలో చేరింది డెబ్భైల నడుమ. బీఎస్సీ లెక్కలు చదివి, బస్సెక్కి వరంగల్‌ వస్తే, నరహరి సార్ నన్నొక యంత్రం ముందు కూర్చోబెట్టి అట్టముక్కలకు చిల్లులు పొడవమన్నారు. చదువుకున్నవాడికి చిల్లులు పొడిచే పనా అని మా నాన్న మా ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ఒక్కో అట్ట ఒక్కో ఆజ్ఞ. అట్టల దొంతర ఒకసారి చేయి జారి కిందపడితే ఆ రోజంతా వరస పేర్చుకుంటూ నేల మీదే కాపురం.

నరహరి సార్ గురించి ఒక మాట చెప్పాలి. నాకు వచ్చిన పనంతా ఆయన నేర్పిందే. తన టిఫిన్ డబ్బా మూతలో నాకు అన్నం పెట్టి, ఆ మూత మీదే వేలితో బొమ్మ గీసి యంత్రం ఎలా ఆలోచిస్తుందో చెప్పేవారు. ఆ రెండు మినీలు మా కాలేజీకి రావడానికి ఆయన ఢిల్లీ చుట్టూ తిరిగి తిరిగి నడుంనొప్పి తెచ్చుకున్నారు. ఆయనలో లోపం ఒక్కటే. "నా పొరపాటు" అన్న మాట ఆయన నోట రాదు. మొహమాటంతో కాదు, అలవాటు లేక. కొందరికి ఈత రానట్టు ఆయనకు అది రాదు.

సరోజను మొదటిసారి చూసింది కూడా ఆ అట్టల కాలంలోనే. అప్పుడామె సివిల్ విద్యార్థిని. కొత్తవాడ నుంచి సైకిల్ మీద వచ్చేది. చిల్లుల అట్టలు చూసి ఆశ్చర్యపోని మొదటి మనిషి ఆమె.

"గివి మా ఇంట్ల గూడ ఉంటయన్నా" అంది.

"మీ ఇంట్ల కంప్యూటర్ ఉందా ఏందమ్మా?"

"మగ్గముంది. మా నాయిన అంచుల పువ్వు దింపుటానికి గిట్లాంటి అట్టలే ఎక్కిస్తడు. చిల్లు తప్పితే పువ్వు కుంటిదైతది."

చదువయ్యాక ఆమె మా కాలేజీలోనే లెక్చరర్ అయింది. పరిశోధనకు ధర్మసాగర్ చెరువు కట్టను ఎంచుకుంది. మా ఊరు తాగే నీళ్లు అక్కడివే గనక కట్టలోంచి నీరు ఎటు ఊరుతోంది, ఎంత ఊరుతోంది అన్నది తేల్చాలని ఆమె పట్టుదల. వానాకాలం వానాకాలం కట్ట మీద నిలబడి కొలతలు తీసింది. నడుమ పెళ్లి, ఒక బిడ్డ. రెండుసార్లు గడువు పెంచారు. ఆ ఏడు డిసెంబరు దాటితే పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దు, మళ్లీ మొదటి నుంచి. లెక్క మాత్రం చాంతాడంత పొడుగు. రోజుల తరబడి యంత్రం ఆగకుండా నడిస్తే తప్ప తెగదు. అందుకే దసరా సెలవులు చూసుకుంది. విద్యార్థులు ఊళ్లకు పోతారు, యంత్రాలు ఖాళీగా ఉంటాయి. నరహరి సార్ నోటిమాటగా "కానియ్యమ్మా" అన్నారు. ఆమె రెండు యంత్రాల మీదా లెక్క ఎక్కించి పండక్కి ఇంటికి వెళ్లింది.

ఇద్దరూ ఉప్పేశారు

సద్దుల బతుకమ్మ రోజు పొద్దున్నే ఒకసారి చూసిపోదామని సెంటర్‌కు వెళ్లాను. రెండు యంత్రాలకూ పచ్చదీపాలు వెలుగుతున్నాయి. రెండూ కళకళలాడుతున్నాయి. తృప్తిగా చుట్టూ తిరిగి, ఏసీ గాలి కాసేపు తిని, ఇక వెళ్దామనుకుంటుండగా సరోజ వచ్చింది. కొత్త చీర కట్టుకుని, జడలో బంతిపువ్వు పెట్టుకుని, బతుకమ్మ పేర్చే లోపల లెక్క ఎంతదాకా వచ్చిందో చూసుకుందామని వచ్చింది. గదిలో యంత్రానికే నేరుగా తగిలించిన టెర్మినల్ ముందు కూర్చుంది. ఒక ఫైలు తెరిచింది.

"అన్నా, జర ఇటు రా."

"ఏమైందమ్మా?"

"నా ఫైలేనా గిది? నేను అంకెలు దాసిన. గిదేదో కోడి గీరినట్టుంది."

చూశాను. అంకెల నడుమ పిచ్చి గుర్తులు. ఒక ఫైలు తెరిస్తే సగం ఆమెది, సగం ఇంకెవరిదో. ఇంకోటి తెరిస్తే అసలేమీ లేదు.  

పిల్లలూ, ఇక్కడ ఏం జరిగిందో వివరంగా చెబుతాను. మీ ఉద్యోగంలో ఇది మీకూ ఎదురవుతుంది, కాకపోతే కొత్త పేరుతో వస్తుంది. ఒక వంటిల్లు, ఇద్దరు తోడికోడళ్లు అనుకోండి. పొయ్యి మీద ఒక్కటే కూర. ఒకామె వంట చూస్తుంటే రెండో ఆమె చేయి పెట్టదు. అప్పుడప్పుడు గోడ అవతల నుంచి "అక్కా ఉన్నవా?" "ఉన్న." మాట వినబడుతున్నంతసేపూ కూర క్షేమం. ఒకరోజు మాట వినబడలేదు. ఈమె అనుకుంది, అక్క పుట్టింటికి పోయినట్టుంది, కూర నేనే చూడాలె. ఆమె కూడా చెల్లెలి గురించి అట్లాగే అనుకుంది. ఇద్దరూ ఉప్పేశారు. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ బాధ్యతగా ఉన్నవాళ్లే. కూర మాత్రం నోట పెట్టరాదు.

మా యంత్రాలూ అంతే. జనం మాటలు, ఆ రెండింటి గుండెచప్పుడు, అన్నీ ఒకే తీగ మీద పెట్టాను. ఆ ఒక్క తీగా మూగబోయింది. ప్రతిదీ రెండోది చచ్చిపోయిందనుకుంది. ప్రతిదీ బీరువా మొత్తం తనదే అనుకుని రాసుకుంటూ పోయింది. ఒకదాని రాత మీద ఇంకొకటి రాసింది. అందుకే రెండింటికీ పచ్చదీపాలు. పనిలో నాకు అన్నిటికన్నా భయమేసిన దృశ్యం ఏదంటే ఎర్రదీపం కాదు, ఆ పచ్చదీపాలే.

నకలు టేపులు ఉన్నాయి. ఉన్నవి వానలకు ముందువి. ఆ తర్వాతి టేపులను పరీక్షల ఫలితాలకు వాడేశాం. అంటే ఆమె కొలతలు కాగితాల మీద భద్రంగానే ఉన్నా, నెలల తరబడి వాటిని యంత్రంలోకి ఎక్కించిన పనీ, కట్టిన లెక్కా పోయాయి.

సరోజ ఏడవలేదు. "డిసెంబరు లోపల మళ్లీ కట్టొచ్చా అన్నా?" అని మాత్రం అడిగింది.

"రెండు యంత్రాలూ కలిసి నడిస్తే కట్టొచ్చమ్మా" అన్నాను. రెండూ కలిసి నడవకుండా చేసింది నేనేనన్నది ఆమెకు అప్పుడే చెప్పాను. ఆమె జడలోని బంతిపువ్వు సర్దుకుని, "సరే, నడిపియ్యి మరి" అంది. తిట్టినా బాగుండేది.

నేల కింద

తీగ ఎందుకు మూగబోయిందో చూడాలి కదా. మా టెక్నీషియన్ యాకూబ్‌ను ఇంటి నుంచి పిలిపించాను. గడ్డం దువ్వుకుంటూ వచ్చాడు. మా గదికి ఉత్తుత్తి నేల ఉండేది. పలకలు పరిచి, కింద జానెడు ఖాళీ వదిలి, అందులోంచి ఏసీ చల్లగాలి పంపేవాళ్లు. కేబుళ్లు పారేదీ అక్కడే. యాకూబ్ ఒక్కో పలకా ఎత్తుకుంటూ పోయాడు. గోడవారగా ఒక పలక ఎత్తి, నన్ను పిలిచాడు.

"లింగం భాయ్, గిది కేబులా, బతుకమ్మనా?"

వంగి చూశాను. పెద్ద వెదురు గంప. తడి గోనెసంచి కప్పి ఉంది. తీసి చూస్తే తంగేడు, గునుగు, కట్ల పువ్వులు. అప్పుడే కోసినంత తాజాగా ఉన్నాయి. గంపను సరిగ్గా మా పసుపు కేబుల్ అతుకు మీద కూర్చోబెట్టారు. గోనెసంచి నీళ్లు బొట్టు బొట్టుగా అతుకులోకి దిగాయి. అతుకు తడిస్తే ఆ కేబుల్ పొడవునా ఎవరి మాటా ఎవరికీ అందదు.

"పసుపు కేబుల్ మీద పసుపు తంగేడు. మ్యాచింగ్ మంచిగ కుదిరింది" అన్నాడు యాకూబ్.

"ఎవడు పెట్టిండు భాయ్ దీన్ని?"

"ఫ్రిజ్ లేనోడో, ఫ్రిజ్‌ల పట్టనోడో. పూలకైతే జాగ మంచిగనే దొరికింది."

నిజంగానే, వరంగల్ మొత్తంలో అంతకన్నా చల్లటి చోటు లేదు. గంపను వరండాలో పెట్టి, అతుకు తుడిచి ఆరబెట్టి, యంత్రాలు రెండూ ఆపాం. మధ్యాహ్నానికి వరండాలోంచి గంప మాయమైంది. ఎవరు పట్టుకుపోయారో మేం చూడలేదు. సాయంత్రం కాలేజీ క్వార్టర్ల ముందు బతుకమ్మలు ఆడుతుంటే, యాకూబ్, నేను పక్కన నిలబడి ప్రతి బతుకమ్మనూ దొంగను చూసినట్టు చూశాం. అన్నీ అందంగానే ఉన్నాయి.

కమిటీ

సెలవుల తర్వాత కమిటీ వేశారు. అధ్యక్షులు నరహరి సారే. మూడు వాక్యాల్లో తేల్చేశారు. సెలవుల్లో రాతపూర్వక అనుమతి లేకుండా ఒక వినియోగదారు అధిక భారం మోపిన కారణంగా యంత్రాల మధ్య సంబంధం తెగినది. ఇకపై పరీక్షల పని తప్ప పరిశోధన లెక్కలు నిలిపివేయడమైనది. నెట్‌వర్క్ సరిగా ఉందని తేలేవరకు ఇది అమలులో ఉండును.

ఆ ఒక వినియోగదారుకు పేరు కూడా లేదు. నేను సార్ గదిలోకి వెళ్లాను.

"సార్, భారంతోని తీగ మూగబోదు. మీకు తెలుసు. కింద పూలగంప ఉండె."

"పూలు గీలు రాస్తే నవ్వుతరు లింగం. కమిటీ రిపోర్టా, బతుకమ్మ పాటనా?"

"పోనీ నా పేరు రాయుండ్రి. రెండో తీగ వద్దన్నది నేను."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నువ్వు నా మనిషివి. నీ తప్పు రాస్తే నా తప్పు రాసినట్టే. ఆ అమ్మాయిది వేరే డిపార్ట్‌మెంటు. ఆమెకేం గాదు, ఇంకో ఏడాది అడుక్కుంటది."

"ఆమెకు ఇంకో ఏడాది ఇయ్యరు సార్."

"చూద్దాం తియ్యి."

ఇందులో ఎంత మంచి ఉందో అంత చెడ్డ ఉంది. ఆయన నన్ను కాపాడారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ప్రేమను నేను కాదనను. కాని పైవాళ్ల ప్రేమ మనకు గొడుగు పట్టినప్పుడు దాని నీళ్లు ఎవరి నెత్తిన పడుతున్నాయో చూసుకోవాలి. ఆ సంవత్సరం అవి సరోజ నెత్తిన పడ్డాయి. ఉద్యోగంలో చేరేవాళ్లకు నేను చెప్పగలిగే నీతి ఉంటే ఇదొక్కటే. మిగతాదంతా సాంకేతికం, అది పుస్తకాల్లో దొరుకుతుంది.

ఇక దారి ఒక్కటే. నెట్‌వర్క్ సరిగా ఉందని తేల్చాలి. తేల్చాలంటే రెండో తీగ వేయాలి. కంపెనీకి ఫోన్ చేస్తే కొత్త తీగ సంక్రాంతి దాటాకే అన్నారు. సరోజ గడువు డిసెంబరు.

యాకూబ్ బీడీ ముట్టించుకుని ఆకాశం వైపు చూశాడు. ఆకాశం వైపు కాదు, క్వార్టర్ల మేడల వైపు. "తీగ ఊళ్లెనే ఉంది గద భాయ్" అన్నాడు.

మేడ మీది తీగ

నరహరి సార్ ఏదో మీటింగుకు హైదరాబాదు పోయిన రోజు చూసుకుని, నేనూ యాకూబ్ నిచ్చెన పట్టుకుని వాళ్లింటికి వెళ్లాం. దొంగతనం కాదు. తలుపు కొట్టే వెళ్లాం. సార్ భార్య లలితమ్మ గారు తలుపు తీశారు.

"ఓ, లింగమా! రా రా. యాకూబ్, నీ బిడ్డ లగ్గమాయెనట, నాకు చెప్పనేలేదు?"

"నిఖా జల్దీల అయిపోయిందమ్మా. బిర్యానీ బాకీ ఉన్న" అన్నాడు యాకూబ్.

విషయం చెప్పాం. కాలేజీ పనికి మేడ మీది కేబుల్ కావాలి, దాని బదులు మామూలు టీవీ తీగ తగిలిస్తాం, బొమ్మలో జర గింజలు పడొచ్చు.

"అయ్యో తీస్కపోండ్రి. దాన్ని చూస్తేనే నాకు భయం, పాము ఎండకు పడుకున్నట్టుంటది. కూసోండ్రి, చాయ్ దాగి ఎక్కుండ్రి." లోపలికి వెళ్లి చాయ్ తెచ్చి, మాకు ఇచ్చి, తనూ కూర్చున్నారు. "మీ కంప్యూటర్ల రుణం మాకుండనే ఉండె. ఈసారి బతుకమ్మకు మీ దయతోనే మా పూలు నిలిచినయి."

"మా దయ ఏందమ్మా?" అన్నాను నేను.

"మరిపెడ నుంచి మా తమ్ముడు గంపెడు పూలు పంపిండు. ఫ్రిజ్‌ల పట్టకపాయె. ఒక్కనాటికి వాడిపోతయని నేను మొత్తుకుంటాంటే, మీ సార్ అన్నడు, 'నా కంప్యూటర్ కింద ఉన్నంత సల్లదనం నీ ఫ్రిజ్ తాత దగ్గర గూడ లేదు' అని. ఆయననే నెత్తికెత్తుకుని పోయిండు. ప్రొఫెసర్ నెత్తిన పూలగంప! నేను నవ్వలేక సచ్చిన. మళ్ల తెచ్చినంక చూస్తే ఒక్క రెక్క వాడలేదు. వాడకట్టోళ్లంత ఏడ తెచ్చినవు ఏడ తెచ్చినవని ఒకటే అడుగుడు."

యాకూబ్ గడ్డంలో మూతి దాచుకున్నాడు. వాడి భుజాలు ఊగుతున్నాయి.

"ఏమైంది? ఎందుకు నవ్వుతానవ్?"

"ఏం లేదమ్మా. మస్తు పూలు" అన్నాడు.

"చాయ్ మంచిగుందమ్మా" అన్నాను నేను.

మేడ మీదికి ఎక్కాక, నిచ్చెన పట్టుకుని యాకూబ్ కడుపారా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. తప్పు పూలది కాదు. ఇంటావిడ ముచ్చట తీర్చడానికి గంప నెత్తిన పెట్టుకున్న మనిషిని ఎవరు తిడతారు? వరండాలోంచి అదే గంపను తిరిగి నెత్తికెత్తుకుని, ఆ తర్వాత కమిటీ కుర్చీలో కూర్చుని, ఆ మూడు వాక్యాలు రాసినందుకు కోపం.

"చెప్తవా పైకి?" అన్నాడు యాకూబ్.

చెప్పొచ్చు. చెబితే ఆయన పరువు పోతుంది, కమిటీ మళ్లీ మొదలవుతుంది, డిసెంబరు వెళ్లిపోతుంది. "ముందు తీగ దింపు భాయ్" అన్నాను.

రెండో దారి

ఈసారి ఒళ్లు దగ్గర పెట్టుకుని వేశాం. మొదటి తీగ నేల కింది నుంచి పోతుంది గనక రెండోదాన్ని కప్పు కింద నుంచి పోనిచ్చాం. ఒకే దారిలో రెండు తీగలు వేస్తే రెండు తీగలు వేసినట్టు కాదు. ఒక గంప చాలు రెండింటికీ. ఈ తీగను రెండు యంత్రాలకు తప్ప ఇంకెవరికీ తగిలించలేదు. ఉన్నావా, ఉన్నా. అంతే దాని బతుకు. ఆ చిన్న మాటకు ఎందుకింత పెద్ద తీగ అని నవ్వినవాణ్ణి నేనే, కప్పు కింద నిచ్చెన మీద మెడ పట్టేసేదాకా దాన్ని బిగించినవాణ్ణీ నేనే.

ఇంకో సంగతి యంత్రాలకు నేర్పాను. నిశ్శబ్దం అంటే చావు కాదు. రెండు తీగల మీదా జవాబు రాకపోతే, ఎదుటిది పోయిందని అనుకోవద్దు. రెండింట్లో ఒకదానికే బీరువా తాళం. రెండోది చేతులు కట్టుకుని నిలబడాలి, మనిషి వచ్చి చెప్పేదాకా. కంపెనీ పుస్తకంలో ఇది మొదటి నుంచీ ఉంది. చదివాను కూడా. అప్పుడు అర్థం కాలేదు.

నరహరి సార్ హైదరాబాదు నుంచి వచ్చారు. మర్నాడు పొద్దున్నే సెంటర్‌కు వచ్చి నిలబడ్డారు.

"లింగం, మా టీవీల చీమలు పారుతానయి."

"వాతావరణం సార్" అన్నాను.

ఆయన తలెత్తి కప్పు కింది తీగను చూశారు. పసుపుపచ్చ రంగు, మేడ మీది ఎండకు కొంచెం వెలిసింది. కాలేజీ తీగ తన ఇంటి మీద ఎందుకుందో చెప్పనిదే దాని సంగతి అడగడానికి లేదు. అడగలేదు.

ఆయన కళ్ల ముందే నేల కింది కేబుల్ ఊడబీకాను. ఆయన అదిరిపడ్డారు. యంత్రాలు రెండూ కప్పు తీగ మీద మాట్లాడుకుంటూ, పని పంచుకుంటూ నడిచాయి. తర్వాత దాన్ని కూడా ఊడబీకాను. ఒకటి నడిచింది, రెండోది ఆగి నిలబడింది.

"గిదేంది, ఆగిపాయె?"

"ఆగుడే సార్ దాని పని. ఎదుటోళ్ల సంగతి తెల్వనప్పుడు వాళ్ల పేరు మీద ఏం రాయొద్దని నేర్పిన."

నేను యంత్రం గురించే అన్నాను. ఆయన మాత్రం ఆగిన యంత్రాన్ని వదిలి నా ముఖం చూశారు. తర్వాత కుర్చీ లాక్కుని, జేబులోంచి పెన్ను తీసి, పరిశోధన లెక్కలకు అనుమతి ఇస్తూ సంతకం పెట్టారు. పాత రిపోర్టు మాత్రం అట్లాగే ఉంచారు. ముందే చెప్పాను కదా, ఆయనకు ఆ ఈత రాదు.

సరోజ పాత కొలతలు మళ్లీ ఎక్కించింది. యాకూబ్ అంకెలు చదివితే నేను కొట్టాను, నేను చదివితే ఆమె కొట్టింది. రెండు యంత్రాలూ జోడెడ్లలా ఆ లెక్క లాగాయి. నడుమ ఒకసారి కరెంటు దెబ్బకు ఒకటి పడిపోయింది. రెండోది ఒక్క అంకె జారకుండా అందుకుంది. ఆమె తెర మీద ఏమీ తెలియలేదు. నేను చెబితే, "అట్లనా? నాకు కనపడనేలేదన్నా" అంది. నా పనికి అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఎప్పుడూ దొరకలేదు. డిసెంబరు గడువు లోపలే ఆమె సిద్ధాంత గ్రంథం ఇచ్చింది. కట్టలో నీరు ఎక్కడ ఊరుతోందో ఆమె చూపించిన చోట తర్వాత మరమ్మతు చేశారు.

పేరు పెట్టడం

నెట్‌వర్క్ పని ముగిసేముందు ఒక చిన్న పని మిగిలింది. రెండు యంత్రాలకూ విడివిడి పేర్లున్నాయి. కాని వాడుకునేవాళ్లకు ఏ యంత్రం ఏదన్న గొడవ ఉండకూడదు. అందుకని రెండింటికీ కలిపి ఒక ఉమ్మడి పేరు పెడతారు. కాలేజీలో ఎవరు లోపలికి పోవాలన్నా ముందు ఆ పేరు కొట్టాలి. రెండింట్లో ఏది తీరికగా ఉంటే అది తలుపు తీస్తుంది. అది ఆరు ఇంగ్లిషు అక్షరాలు మించకూడదు. నరహరి సార్‌ను అడిగితే, "ఏదో ఒకటి పెట్టరాదయ్యా, దానిక్కూడ నన్నే అడుగుతవా" అన్నారు. చిత్తం అన్నాను.

కొత్త ఏర్పాటు మొదలైన రోజు పొద్దున ప్రిన్సిపల్ గారి నుంచి పరీక్షల గుమాస్తా దాకా అందరూ ఆ పేరు కొట్టి లోపలికి పోయారు. కాసేపటికి నరహరి సార్ గది నుంచి పిలుపు.

"లింగం, నన్ను లోపలికి రానిస్తలేదేంది?"

"పేరు కొట్టాలె సార్."

"నా పేరు కొట్టిన గద."

"మీది తర్వాత సార్. ముందు తలుపు పేరు కొట్టాలె."

"ఏందది?"

"ఎస్, ఏ, ఆర్..."

ఆయన ఒక్క వేలితో కొట్టేవారు. మూడో అక్షరం దగ్గర వేలు ఆగింది.

"ఓ, జే, ఏ" అన్నాను.

కళ్లద్దాల మీదుగా నా వైపు చూశారు. నేను ఏసీ వైపు చూశాను.

"ఇంకో పేరే దొరకలేదా నీకు?"

"మీదే పెడదామనుకున్న సార్. అక్షరాలు ఎక్కువైనయి."

ఆయన మీసం కింద ఏదో కదిలింది. నవ్వో, తిట్టో, ఆయన రిటైరయ్యేదాకా నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ మిగిలిన మూడు అక్షరాలూ ఒక్కొక్కటిగా కొట్టి, అందరిలాగే చేతులు ఒళ్లో పెట్టుకుని, తలుపు తీసేదాకా ఆగారు.